కాటా మీది కాపురం

మిషనరీ విమానయానం అంటే రోడ్డు లేని మారుమూల సీమలకు మందులు, సరుకులు, రోగులు, పంతుళ్లు, ప్రచారకులు అనే భేదం లేకుండా అన్నిటినీ చిన్న విమానాలలో చేరవేసే సేవ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో, ఆ యుద్ధకాలంలో విమానాలు నడిపిన కొందరు క్రైస్తవులు అమెరికాలో ఒక సంఘంగా కూడారు; తరువాత మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్‌గా పేరుపడిన ఆ సంఘం తరఫున 1946లో తొలి విమానాన్ని మెక్సికోకు నడిపినది బెటీ గ్రీన్ అనే మహిళ. ఈ సంగతి ఆ సంస్థ చరిత్రలో పదిలంగానే ఉంది గాని, ఎగరడం తన వంతనీ ఇల్లు భార్య వంతనీ వచ్చినవారికల్లా వివరించే సగటు మిషన్ పైలట్‌కు మాత్రం అది సమయానికి గుర్తు రాదు.

ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలలో డేరాలతో ఊరూరా తిరిగిన మిషన్ దొరలను గురించి విన్న తెలుగు పాఠకుడికి ఈ పైలట్ దొర కొత్త జాతి. అతడిని సొంత నెలవులో చూడాలంటే పాపువా న్యూగినీ పర్వతసీమకు పోవాలి. 800కు పైగా భాషలున్న ఆ దేశంలో రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి పర్వతసీమ పట్టణాలకు రోడ్డు లేదు. 1951 నుంచి మిషన్ విమానాలు తిరుగుతున్న ఆ కొండల్లో ఎయిర్‌స్ట్రిప్ అంటే గ్రామస్థులు పారలతో చదును చేసి, గడ్డి కోసి కాపాడుకునే నేలచెక్క. చాలాచోట్ల దానికి ఒక కొసన కొండ, మరో కొసన లోయ ఉంటాయి కనుక అక్కడ విమానం ఎక్కుతూ దిగాలి, దిగుతూ ఎగరాలి. పొద్దెక్కే కొద్దీ లోయలను మబ్బు కమ్ముకుంటుంది కనుక పని తెల్లవారగానే మొదలుకావాలి. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి పలచబడి రెక్కలకు ఊతం తగ్గుతుంది కనుక ఎంత బరువు ఎక్కించవచ్చో, అంటే పైలట్లు పేలోడ్ అనే లెక్క, ఒక్కొక్క స్ట్రిప్‌కు ఒక్కొక్క విధంగా తేలుతుంది. బియ్యం బస్తా, ఇంటి రేకులు, కాళ్లు కట్టిన పంది, నిండు గర్భిణి, ఎవరైనా ఏదైనా ముందు కాటా ఎక్కి ఆ తరువాతనే విమానం ఎక్కడం అక్కడి ధర్మం.

ఈ ధర్మం విమానాల షెడ్డు దగ్గరే ఆగితే ఎవరికీ చింత ఉండేది కాదు. పుట్టినరోజుకు సైకిలు అడిగిన ఆరేళ్ల కొడుకుకు, అది పన్నెండు కిలోలు తూగుతుందనీ, దానికోసం ఉల్లిపాయలనూ పాలపొడినీ దించేయవలసి వస్తుందనీ సోదాహరణంగా వివరించే తండ్రి అతడు; వివరించి ఊరుకోక, మరుసటి నెలలో ఏదో ఒక ట్రిప్పున కాస్త చోటు దొరకగానే ఆ సైకిలును భాగాలుగా విప్పి, సీట్ల కింద ఇరికించి తెచ్చి, రాత్రి లాంతరు దగ్గర కూర్చుని ఒక్కొక్క నట్టూ బిగించే తండ్రీ అతడే. ఏడాదిగా తాను అడుగుతున్న కుట్టుమిషనుకు ఆ ట్రిప్పులో చోటెందుకు లేకపోయిందని భార్య అడిగితే మాత్రం సంభాషణ వాతావరణం మీదికి మళ్లుతుంది.

ఇతడి తూకపు పిచ్చి పరాకాష్ఠకు చేరేది అమెరికా నుంచి అత్తగారు మనవలను చూడవచ్చినప్పుడు. మౌంట్ హేగన్‌లో పెద్ద విమానం దిగి, ప్రయాణపు బడలికతో చేతులు చాచి వస్తున్న ఆ ఇల్లాలిని కుశలం అడగడానికి ముందే చేతిసంచీతో సహా కాటా ఎక్కిస్తాడు. తూకం చూసే కుర్రవాడు అంకెను అక్కడి జనభాష అయిన టోక్ పిసిన్‌లో చెబుతాడు కాబట్టి అక్కడితో వదిలేసినా మర్యాద దక్కేది. అల్లుడు పనిగట్టుకుని దానిని ఇంగ్లీషులోకీ, ఆ పైన కిలోల నుంచి పౌండ్లలోకీ మార్చి, వరుసలో నిలబడ్డ వారందరికీ వినపడేలా పలికి, ఆమె కూతురి కోసం మోసుకొచ్చిన జామ్ సీసాలు రేపటి విమానంలో వస్తాయని ప్రకటిస్తాడు. అల్లుడి మీద పెళ్లినాటి నుంచీ ఆమెకున్న అభిప్రాయం మారడానికి ఇక అవకాశం ఉండదు.

భార్య చేసే ఉద్యోగానికి పేరూ లేదు, జీతమూ లేదు. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పడం, మబ్బు పట్టి ఆగిపోయిన ప్రయాణికులకు వండిపెట్టడం, లోపలి ఊళ్లలోని కుటుంబాలకు సరుకులు కొనిపెట్టడం, అన్నీ ఆమె పనే. పైగా చాలాకాలం పాటు హెచ్.ఎఫ్. రేడియో, అంటే కొండల అవతలికి సైతం మాట చేరవేసే యంత్రం, వంటింటి బల్ల మీదనే ఉండేది. గాలిలో ఉన్న భర్త నియమిత వేళలకు తానెక్కడున్నదీ చెబుతుంటే ఆమె రాసుకునేది. 1948లో ఈక్వడార్‌లోని షెల్ మేరాలో స్థిరపడిన మిషన్ పైలట్ నేట్ సెయింట్, 1956 జనవరిలో కురారాయ్ నది ఒడ్డున మరో నలుగురితో పాటు హతుడైన నాడు, అతడి భార్య మార్జ్ రేడియో దగ్గరే అతడి పిలుపు కోసం కూర్చుని ఉంది. ఈ కథ తెలియని పైలట్ ఇల్లాలు లేదు. ఉపగ్రహాల పుణ్యమా అని విమానం జాడ తెరమీద కనిపించే ఈ రోజులలో కూడా, చెప్పిన వేళకు పిలుపు రాకపోతే పొయ్యి మీది గరిట ఆగుతుంది.

మిగతా వేళల్లో ఆ వంటింటి రేడియో ఊరుమ్మడి బావిగట్టుగా ఉండేది. ఒకరి మాట అందరికీ వినపడేది కనుక, ఏ లోయలో ఏ పసివాడికి విరేచనాలు పట్టాయో, ఎవరింట పంచదార నిండుకుందో ఆ సీమంతా అల్పాహారానికి ముందే ఎరిగేది. ఈ గాలిలో పెరిగిన పిల్లలు అన్నం దగ్గర కూడా మాట ముగించి "ఓవర్" అనేవారు. స్నానానికి రమ్మంటే, తండ్రి నోట నిత్యం విన్న ప్రకారం, వాతావరణం అనుకూలిస్తే వస్తామనేవారు.

జీతం స్వదేశపు చర్చిలలోని దాతలు పంపేది కాబట్టి వారికి కొన్ని నెలలకొకసారి ప్రార్థన లేఖ, అంటే క్షేమసమాచారమూ ప్రార్థన వినతీ కలిసిన ఉత్తరం, వెళ్లాలి. పిల్లలు రెక్క కింద చేతులు కట్టుకుని నవ్వే ఫొటోలో తలల్లోని పేలు కనిపించవు; భార్య మూడు రోజులు చమురు పూసుకుని బాగుచేసిన జనరేటరు, లేఖలో "దేవుని కృపవల్ల" బాగుపడుతుంది. వర్ణనలో ఇంత నేర్పరి అయినవాడు ప్రసంగవేదిక ఎక్కగానే తడబడి, బైబిలులోని పౌలు ఓడ ప్రయాణంలోకి తప్పనిసరిగా కార్బురేటరును తెచ్చి, పది నిమిషాలలో దిగిపోతాడు. అతడిని మిషనరీ అనడం కంటే కొండదారి డ్రైవరు అనడమే న్యాయం. ఆ మాటంటే అతడూ నొచ్చుకోడు, పైగా సంతోషిస్తాడు.

కొన్నేళ్లకొకసారి వచ్చే ఫర్లో, అంటే స్వదేశానికి పోయి దాతలను కలుసుకునే దీర్ఘకాలపు సెలవు, ఈ కుటుంబానికి అసలు పరీక్ష. మూడు వందల మంది కూర్చున్న జెట్ విమానంలో నాలుగేళ్ల కూతురు, ఇంతమందిని ఎవరూ కాటా ఎక్కించలేదేమని ఎయిర్ హోస్టెస్‌ను నిలదీస్తుంది. బయలుదేరే ముందు పైలట్ ప్రయాణికులతో కలిసి ప్రార్థన చేయడమే ఎరిగిన కొడుకు, ఆ ఊసే ఎత్తని కెప్టెన్ తరఫున తానే సీటు మీద నిలబడి, ఇంజన్ మధ్యలో ఆగకూడదనీ, మబ్బు విడాలనీ, కిందటి నెల బురదలో దిగబడ్డ చక్రం ఈసారి దిగబడకూడదనీ పేరుపేరునా గొంతెత్తి వేడుకుంటాడు. ముందు వరుసలోని పెద్దమనిషి బెల్టు బిగించుకుంటాడు. తండ్రి కళ్లు మూసుకునే ఉంటాడు గాని, అతడి చెవి ఎడమ ఇంజన్ చప్పుడు మీద ఉంటుంది.