దూలగొండి మీద నింద

కెమిస్ట్రీ లెక్చరర్‌నని చెప్పుకోవడానికి ఇప్పుడు కాస్త సిగ్గుగానే ఉంది. పాల్వంచ వైపు ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి సాల్ట్ అనాలిసిస్ చేయించినవాణ్ణి. పచ్చటి పలుకులు చేతిలో పెడితే అది అన్నభేదో, నికెల్ సల్ఫేటో ఇట్టే తేల్చేస్తానని గర్వం ఉండేది. ద్రావణంలో అమ్మోనియా పోసి, డైమిథైల్ గ్లయాక్సిమ్ రెండు చుక్కలు వేస్తే చాలు, నికెల్ ఉన్నచోట గులాబీ ఎరుపు ముద్ద కడుతుంది. పిల్లలు నోరెళ్లబెట్టేవాళ్లు. 1905లో చుగాయెవ్ కనిపెట్టిన పరీక్ష అని చెప్పి, ఆ మెప్పంతా నేనే కొట్టేసేవాణ్ణి.

అప్పట్లో సెలవు దొరికితే కిన్నెరసాని అడవి అంచున తిరిగేవాణ్ణి. బొడ్డు కింద రూపాయి బిళ్లంత దద్దు లేచింది. మెల్లగా తోలు మందమై, గోకితే రసి కారేదాకా వచ్చింది. దూలగొండి నూగు తగిలిందని నేనే తీర్పు చెప్పేశాను. ల్యాబ్ ఊడ్చే కోయ పెద్దావిడ విని నవ్వింది. “దూలగొండైతే పొద్దుగూకేలోగా తగ్గుద్ది సారూ. అయినా అది చేతులకీ కాళ్లకీ అంటాలిగానీ, చొక్కా దాటి నీ బొడ్డుకాడికి ఎట్టబోయింది?”

వినొచ్చు కదా! ఆ కాయ నూగులో మ్యూకునైన్ అనే ఎంజైము ఉంటుందని, పుట్టినప్పటినుంచీ ఆ తీగల మధ్య తిరిగిన మనిషికి నేను పాఠం చెప్పాను. తర్వాత పసుపు, వేపాకు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఆయింట్‌మెంటు. ఆదివారాలు లుంగీలో ఉంటే నెమ్మదించేది. సోమవారం ప్యాంటెక్కితే బుధవారానికి మళ్లీ కుంపటి. అప్పుడైనా బుర్ర వెలగలేదు.

చివరికి ఖమ్మంలో చర్మం డాక్టరు వీపు మీద ప్యాచ్ టెస్టు పెట్టారు. రెండు రోజుల తర్వాత పట్టీ ఊడదీస్తే ఒక్కచోట ఎర్రగా పొక్కి ఉంది. అక్కడ పెట్టిందేమిటంటే వాజలీన్‌లో కలిపిన 5 శాతం నికెల్ సల్ఫేట్. నా బీరువాలో ఉన్న సరుకే!

మర్నాడు ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు దూది పుల్లను నా పరీక్ష ద్రావణంలోనే ముంచి, ప్యాంటు గుండీ వెనక రుద్దాను. దూది గులాబీ రంగుకి తిరిగింది. ఇత్తడి గుండీకి ఆ తెల్లటి మెరుపు నికెల్ పూతతో వచ్చిందే. నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ ఆమ్లం కలిపి 1916లో వాట్స్ చెప్పిన పూత తొట్టె సంగతి కూడా నేను బోర్డు మీద రాసేవాణ్ణి. మన ఎండకి పట్టే చెమటలోని ఉప్పు ఆ పూతను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అయాన్లు చర్మంలోకి దిగి ప్రోటీన్లను అంటుకుంటాయి. ఒంట్లోని కాపలా కణాలు ఒకసారి వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకున్నాయంటే సాధారణంగా ఆ పగ జీవితాంతం ఉంటుంది. దురద కూడా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా లేస్తుంది కాబట్టి దొంగ దొరకడు. యూరప్ వాళ్లు ఒంటికి తగిలే వస్తువుల్లోంచి నికెల్ ఎంత ఊరొచ్చో 1994లోనే చట్టం చేసుకున్నారు. గిల్టు నగలు, గడియారం బెల్టులు కొనేటప్పుడు మనకు ఆ ఊసే ఉండదు.

దురద ఒక్కటే అయితే సరే. నికెల్ సమ్మేళనాలు మనుషుల్లో క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లో తేల్చింది. దుమ్ముగా పీల్చే కార్మికులకు ఊపిరితిత్తులకి, ముక్కుకి ముప్పు. నేనేమో ముక్కుకి గుడ్డ కూడా కట్టకుండా కల్వంలో నికెల్ సల్ఫేట్ నూరి పొట్లాలు కట్టేవాణ్ణి. పిల్లల చేత కట్టించేవాణ్ణి కూడా. ఈ ముక్క రాయడానికే చెయ్యి ఆడలేదు.

ప్రయోగం అయ్యాక పచ్చటి నీళ్లన్నీ సింకులోకే. నీటిలోని జీవాలకు నికెల్ విషమని తెలిసీ, ఆ గొట్టం ఎటు పోతుందో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు బట్టల సోడా వేసి కార్బనేటుగా అడుక్కి దింపి, వడకట్టి ఒక సీసాలో పోగుచేస్తున్నాం. సీసా నిండితే ఎవరికి అప్పగించాలో కనుక్కొమ్మని ప్రిన్సిపాల్‌గారికి కాగితం పెట్టాను. గుండీకి వెనకవైపు మా ఆవిడ గుడ్డ కుట్టింది.