వాచీ తిప్పకండి

కూతురో కొడుకో రమ్మంటే మొదటిసారి అమెరికా విమానం ఎక్కబోతున్న మా బత్తలపల్లె పెద్దలారా, ముందుగా ఒక్క మాట. చేతి వాచీ తిప్పకండి. పక్క సీటాయన చెప్పినా, పైలట్ మైకులో చెప్పినా తిప్పకండి.

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాదాపు 14,000 కిలోమీటర్లు. ఆగకుండా పోతే సుమారు 17 గంటలు. వేసవిలో మధ్యాహ్నం 2కు ఎక్కారనుకోండి, దిగేసరికి మన లెక్కలో మర్నాడు పొద్దున 7. అక్కడి గోడ గడియారం మాత్రం ఎక్కిన రోజే సాయంత్రం 6:30 అంటుంది. అంటే నాలుగున్నర గంటలు! తిరుపతి బస్సంత కూడా లేదు. 17 గంటలు కూర్చున్న నడుమును కాదని ఆ గోడ మాట ఎట్లా నమ్ముతారు?

దారి కూడా మనం అనుకునేది కాదు. గోడ మ్యాపులో అమెరికా ఎక్కడో పడమటి కొసన ఉంటుంది. బడిలోని గ్లోబు మీద గోనె దారాన్ని బెంగళూరు మీదొక కొస, శాన్‌ఫ్రాన్సిస్కో మీదొక కొస బొటనవేళ్ళతో నొక్కి బిగించి చూశాను. పడమటికి పోనేలేదు. ఉత్తరానికి జారి, చైనా, సైబీరియాల మీదుగా పోయి అలాస్కా వైపు నుంచి దిగింది. 2021 జనవరిలో ఈ రెండు ఊళ్ళ మధ్య ఎయిర్ ఇండియా మొదటి విమానాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, మరో ఇద్దరు మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు తెచ్చారు. అలాంటి దారిలో కిటికీలోంచి చూసి పొద్దెంతయిందో చెప్పలేం. వాచీనే చూసుకోవాలి.

నా మాట వింటే ఆగకుండా పోయేది దొరికినా ఎక్కొద్దు. దుబాయ్‌లో ఆగేది ఎక్కండి. దూరం 15,700 దాకా పెరుగుతుంది, నిద్ర చెడుతుంది, అయినా నడుమ ఒకసారి కాళ్ళకు నేల తగులుతుంది. కదిరిలో ఆగని తిరుపతి బస్సు మనమెప్పుడైనా ఎక్కామా?

2008లో ఎయిర్‌పోర్టు దేవనహళ్ళికి రావడం మన అదృష్టం. బెంగళూరు ఊళ్ళోకి పోనక్కర్లేదు, హైవే మీద మూడు గంటల చిల్లర. అయినా ముందురోజే బయల్దేరండి. శెనక్కాయ విత్తనం ఒలిచిపెట్టుకుని వాన కోసం వారాల తరబడి మబ్బు చూసేవాళ్ళం, ఒక్క రాత్రి కుర్చీలో కూర్చోలేమా?

దిగాక కూడా మన టైముకే తినండి, మన టైముకే పడుకోండి. మా ఆవిడ నాలుగు నెలలు అలాగే ఉండింది. అక్కడ సాయంత్రం ఐదున్నరకు మనకు పొద్దున ఆరు. అప్పుడు లేచి, మొహం కడుక్కుని దీపం పెట్టేది. మోటారుకు కరెంటొచ్చిందా అని నాకు ఫోను చేసేది. ఇంట్లోవాళ్ళు పడుకున్నాక సంగటి చేసుకునేది. మనవరాలు బడికి పోయే వేళకు అవ్వకు నిద్రొచ్చేది. పాపతో ఆటలు తగ్గాయి, నిజమే. కానీ ఇంటికొచ్చిన మర్నాడే, ఊరు వదిలి పోనట్టు, చీకటితోనే లేచి వాకిట్లో కల్లాపి చల్లింది.

ఫోన్లో టైము దానంతట అదే మారిపోతుంది. ఆ సెట్టింగు పిల్లల చేత ఆపించుకోండి. వాచీకి ధర్మవరంలోనే కొత్త సెల్లు వేయించుకోండి. అక్కడ ఆగిపోతే మళ్ళీ మన టైముకు పెట్టిచ్చేవాళ్ళుండరు.