ఎదురుముల్లు లేని బతుకు

నా ఒంట్లో ఒక ఆడనక్క, ఒక బాతు, ఒక కోడిపుంజు ఉన్నాయి. ముగ్గురినీ మోస్తున్నది పద్నాలుగో నంబరు ఉక్కు కొక్కెం. ఈ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. అంచేత చిటికెనవేలి గోరు మీద కూర్చోగలిగినంత ఉంటాను. ట్రౌట్ చేపల్ని బోల్తా కొట్టించడానికి కట్టిన దొంగపురుగుని, అంటే ఫ్లైని. పేరు హెండ్రిక్సన్. న్యూయార్క్ రాష్ట్రంలోని కాట్‌స్కిల్ కొండల్లో, బీవర్‌కిల్ ఏటి ఒడ్డునున్న ఊళ్ళో ఒక పెద్దావిడ వంటింటి బల్లకి చిన్న వైస్ బిగించి నన్ను కట్టింది.

ఆ చేతిపని గురించి చెప్పకుండా ముందుకి పోలేను. మొదట కొక్కేనికి మైనం పట్టించిన దారం చుట్టింది. వుడ్ డక్ అనే బాతుకి డొక్క పక్కన నిమ్మపండు రంగులో సన్నని నల్లచారల ఈకలుంటాయి. వాటి పోగులు కొన్ని తీసి నిటారుగా నిలబెట్టి, రెండు పాయలుగా చీల్చి, మధ్యలోంచి దారం ఎనిమిది అంకెలా తిప్పి రెక్కలు చేసింది. పుంజు మెడ ఈక నుంచి నాలుగు పోగులు తుంచి తోక పెట్టింది. తర్వాత నక్క బొచ్చు చిటికెడు తీసుకుని దారానికి ఆనించి, దీపానికి ఒత్తి చేసినట్టు బొటనవేలూ చూపుడువేలూ మధ్య నులిమి, ఆ దారాన్నే చుట్టి నాకు పొట్ట తెచ్చింది. ఆఖర్న బూడిదరంగు మెడ ఈకని రెక్కల చుట్టూ తిప్పేసరికి దాని పోగులన్నీ నలుదిక్కులా విచ్చుకున్నాయి. నీళ్ళ మీద నన్ను నిలబెట్టే కాళ్ళు అవే. ముడేసి, ముడి మీద లక్క చుక్క పెట్టి, చత్వారపు కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి నన్ను ఒక్కసారి చూసింది. మెచ్చుకోలేదు. పక్కన పెట్టి ఇంకోటి మొదలెట్టింది.

నక్క బొచ్చు సంగతి కాస్త సిగ్గుతోనే చెప్పాలి. అది ఆడనక్క పొట్ట కిందది. మూత్రం తగిలీ తగిలీ తెల్లబొచ్చుకి లేత గులాబీ ఛాయ వస్తుంది. అసలు పురుగు పొట్టకి ఆ ఛాయ ఉంటుందని, ఈ విద్యలో పేరుమోసిన ఆర్ట్ ఫ్లిక్ లాంటివాళ్ళు కోరి కోరి ఆ బొచ్చే వాడారు. ఆడపురుగు వేషం నాది. మగపురుగు వేషం రెడ్ క్విల్ అనే ఫ్లైది, అది ఫ్లిక్ కట్టింది. మగవాడి పొట్ట ఎరుపు, ఆడదాని పొట్ట గులాబీ అని ఆ ఏటి ఒడ్డున మనుషులు గంటలకొద్దీ వాదించుకోగలరు. ఆ వాదనలు చేపల దాకా వెళ్ళాయో లేదో నాకు తర్వాత తెలిసింది.

మా వంశవృక్షం మరీ పాతదేం కాదు. 1890లో ఇంగ్లండు నుంచి ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ అనే ఆయన నీళ్ళ మీద తేలే కొన్ని ఫ్లైలని ఉత్తరంతో పాటు థియొడోర్ గోర్డన్‌కి పంపాడు. హాల్ఫర్డ్‌వి నిదానంగా పారే సున్నపునేల ఏళ్ళు. గోర్డన్‌వేమో రాళ్ళ మీద ఎగిరిపడే కాట్‌స్కిల్ ఏళ్ళు. అక్కడ తేలినవి ఇక్కడ మునిగిపోయేవి. దాంతో ఆయన గట్టి ఈకలతో, సన్నటి ఒంటితో ఇక్కడి పురుగుల్ని చూసి కొత్త పద్ధతిలో కట్టాడు. క్షయరోగి. నెవర్‌సింక్ ఏటి ఒడ్డున ఒంటరిగా బతికి 1915లో పోయాడు. ఆయన తిరిగిన ఏటిలో కొంత భాగం ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. ఆ నీళ్ళు న్యూయార్క్ నగరం కుళాయిల్లోకి పోతాయి. ఆయన దగ్గర పని నేర్చుకున్న రాయ్ స్టీన్‌రాడ్ అనే తపాలా ఉద్యోగి 1916లో బీవర్‌కిల్ మీద పురుగులు లేవడం చూసి నా మొదటి నమూనా కట్టాడు. తన స్నేహితుడు ఎ. ఇ. హెండ్రిక్సన్ పేరు దానికి పెట్టాడు. అలా ఒక మనిషి పేరు ఆడపురుగు వేషానికి వచ్చింది.

నన్ను కొన్నది న్యూజెర్సీలో ఎడిసన్ ఊళ్ళో ఉండే కోనసీమ కుర్రాడు. కుర్రాడంటే నలభై దాటాయి, సాఫ్ట్‌వేరు ఉద్యోగం, వాళ్ళ నాన్నకి మాత్రం కుర్రాడే. ఏప్రిల్ నెలాఖరులో ఒక శనివారం, విజిటర్ వీసా మీద వచ్చిన తండ్రిని వెంటబెట్టుకుని రాస్కో ఊరొచ్చాడు. ఆ ఊరు తన్ని తాను ట్రౌట్ టౌన్ అని పిలుచుకుంటుంది. ఊరి పక్కనే విల్లొవీమాక్ ఏరు వచ్చి బీవర్‌కిల్‌లో కలుస్తుంది. ఆ సంగమంలో రెండు తలల ట్రౌట్ ఉందనీ, ఏ ఏట్లోకి ఎదురీదాలో తేల్చుకోలేక అక్కడే ఉండిపోయిందనీ ఊళ్ళో కథ. కొడుకు అది చెప్పగానే పెద్దాయన, "మన గండభేరుండం ఇక్కడ చేపయ్యిందన్నమాట" అని తలాడించాడు.

సంగమం దగ్గర జనం ఉన్నారని కాస్త దిగువకి వెళ్ళి, హెండ్రిక్సన్ మడుగు దగ్గర కారు ఆపారు. అవును, ఆ మడుగు పేరు కూడా అదే. ఏకాంతమేమీ కాదు, పదిహేడో నంబరు రోడ్డు దగ్గర్లోనే. లారీలు పోతున్న చప్పుడు ఏటి చప్పుడులో కలిసి వినిపిస్తూనే ఉంటుంది. కొండల మీద చెట్లింకా మోళ్ళే. షాడ్‌బుష్ ఒక్కటే అక్కడక్కడా తెల్లగా పూసింది.

పెద్దాయనకి లైసెన్సు లేదు. ఈ రాష్ట్రంలో పదహారేళ్ళు నిండినవాళ్ళెవరైనా లైసెన్సు లేకుండా చేపలు పట్టకూడదు. అందుకని ఒడ్డున ఎత్తైన రాయి మీద తువ్వాలు పరుచుకుని, కొడుకు కొనిచ్చిన జాకెట్టు గొంతుదాకా బిగించి కూర్చున్నాడు. గోదావరి కాలవల్లో వానపాము గుచ్చి, బెండు కట్టి గాలం వేసిన మనిషి. చేతులు ఊరికే ఉండనివ్వడం లేదు ఆయన్ని.

"ఏరా, వచ్చి రెండు గంటలైంది. నీళ్ళలో థర్మామీటరు ముంచుతావు, తీస్తావు. చేపకేమన్నా జొరమా?"

"నీళ్ళు చల్లగా ఉన్నాయి నాన్నా. పది డిగ్రీలు దాటాలి. అప్పుడు పురుగు లేస్తుంది, పురుగు లేస్తే చేప లేస్తుంది."

"ఇవి ఇక్కడి చేపలేనా?"

కొడుక్కి కావలసిన ప్రశ్న అదే. ఇక్కడి అసలు చేప బ్రూక్ ట్రౌట్ అని చెప్పాడు. పందొమ్మిదో శతాబ్దంలో తోళ్ళు ఊనే కార్ఖానాలు ఈ లోయల్లోకి వచ్చి, బెరడు కోసం హెమ్‌లాక్ చెట్లు వేలకి వేలు కూల్చాయి. చాలాచోట్ల బెరడొలిచి దుంగల్ని అక్కడే వదిలేసేవాళ్ళు. నీడ పోయి ఏళ్ళు వేడెక్కాయి, పైగా కార్ఖానాల మురుగు. చల్లనీళ్ళు లేనిదే బతకలేని బ్రూక్ ట్రౌట్ కొండల పైభాగాలకి సర్దుకుంది. 1883లో జర్మనీ నుంచి ఫాన్ బేర్ అనే ప్రభువు, లాంగ్ ఐలండ్‌లో చేపపిల్లలు పెంచే ఫ్రెడ్ మేథర్‌కి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు ఓడలో పంపాడు. కాస్త వెచ్చని నీళ్ళకి ఓర్చుకునే రకం అది. మొదట్లో దీన్ని చాలామంది తిట్టుకున్నారు, గాలానికి ఓ పట్టాన పడదని. ఇప్పుడు అందుకే మెచ్చుకుంటున్నారు.

"అయితే ఇదీ వీసా మీద వచ్చిందే" అన్నాడు పెద్దాయన.

రెండు దాటాక మొదలైంది. ముందు ఒకటి, తర్వాత నాలుగు, కాసేపటికి మడుగు నిండా. నిటారుగా బూడిదరంగు రెక్కలు నిలబెట్టి, అసలు హెండ్రిక్సన్ పురుగులు ప్రవాహం మీద కొట్టుకొస్తున్నాయి. "ఉసిళ్ళురోయ్!" అని పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఉసిళ్ళు కావు, మేఫ్లైలు. దాదాపు ఏడాదిపాటు ఏటి అడుగున రాళ్ళ మధ్య పాకుతూ పెరిగి, ఈ పూట పైకి ఈది, చర్మం చీల్చుకుని బయటపడ్డాయి. రెక్కలు ఆరేదాకా ఎగరలేవు. ఆ కాస్త సేపే చేపకి పండగ.

వాటి మధ్యకి నన్ను విసిరారు. విసిరారనడం కూడా తప్పే. నాకు బరువంటూ లేదు. బరువంతా వెనకనున్న లావుపాటి తాడుది. తొమ్మిదడుగుల కర్రతో ఆ తాడుని వెనక్కి ఊపి, అది బారుగా తెరుచుకున్నాక ముందుకి ఊపితే, దాని చివర సన్నటి నైలాన్ దారానికి వేలాడుతూ నేను పోతాను. ఆ దారం మందం మిల్లీమీటరులో ఏడో వంతు. చేప ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి ఉంటుంది కనక, కుర్రాడు దాని వెనకపక్కన, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి విసిరాడు. దిగాను. ఈకల మొనల మీద నిలబడ్డాను. బాగానే తేలుతున్నాను.

కింద నుంచి ఒక ముక్కు పైకొచ్చింది. నా పొట్ట కిందకి వచ్చి, నాతోపాటు ఒక అడుగు వెనక్కి జారి, వెనుదిరిగింది. నా పక్కనున్న అసలు పురుగుని గుటుక్కున మింగింది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ అంతే. కుర్రాడు నన్ను చేతిలోకి తీసుకుని చూసి, "రంగు తేడాగా ఉందేమో, కాస్త గులాబీ ఎక్కువైందేమో" అని గొణిగాడు. ఆడనక్క పరువంతా అక్కడ పోయింది.

రాయి మీద నుంచి పెద్దాయన కేకేశాడు. "రంగు కాదురా! నీ పురుగు వెనకాల గీత పడుతోంది. మిగతావాటికి పడట్లా."

ఎత్తు మీద ఉన్న మనిషికి కనిపించింది అది. ఏటికి ఒకే వేగం ఉండదు. కుర్రాడికీ నాకూ మధ్య నీళ్ళు జోరుగా పోతున్నాయి, నేనున్నచోట నెమ్మది. మధ్యలో పడిన తాడుని జోరు లాక్కుపోతుంటే, దాని వెంట నేనూ నా పక్క నీటి కన్నా ఒక్క పిసరు వేగంగా జారుతున్నాను. అసలు పురుగు ఎప్పుడూ అలా జారదు, దాన్నెవరూ లాగరు కనక. చేప కింద నుంచి చూస్తే నీటి పైపొర చాలామటుకు అద్దమే, నడినెత్తిన మాత్రం ఒక గుండ్రటి కిటికీ. ఆ అద్దానికి మా కాళ్ళు పెట్టిన గుంటలు ముందు కనిపిస్తాయి, రంగూ రెక్కా తర్వాత. నా గుంటలు గీతలైపోతుంటే నక్క బొచ్చు ఏం చేస్తుంది?

కుర్రాడు రెండడుగులు పైకి నడిచాడు. విసిరిన వెంటనే కర్ర చివర ఎత్తి, తాడు నడుముని ఎగువకి మళ్ళించాడు. ఈసారి నన్ను లాగేదెవరూ లేరు. నీరు ఎంతైతే నేనూ అంతే. ముక్కు మళ్ళీ పైకొచ్చింది. ఆగలేదు.

నోట్లో ఏముంటుందని అడక్కండి. చీకటి, పళ్ళు, ఒక ఊపు. తర్వాత మడుగంతా తిరిగాం ఇద్దరం. చివరికి వలసంచిలోకి వచ్చింది బ్రౌన్ ట్రౌట్, జానన్నర పొడవు. పక్కలు తేనెరంగు, ఎర్రచుక్కల చుట్టూ పాలిపోయిన వలయాలు. కుర్రాడు చెయ్యి తడుపుకుని పట్టుకున్నాడు. పొడిచెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు పోయి చేప జబ్బుపడుతుంది. నేను ఇట్టే ఊడొచ్చాను. కొన్ననాడే శ్రావణంతో నా ఎదురుముల్లు నొక్కేశారు మరి. చేపని ఎదురు ప్రవాహానికి పట్టి, అది తోక విదిలించాక వదిలేశాడు.

పెద్దాయన నోట మాట లేదు కాసేపు. "వదిలేశావేంట్రా?"

"ఈ మడుగులో పట్టి వదిలెయ్యడమే రూలు నాన్నా."

"ముల్లు లేని గాలం, తినని చేప. ఇంత దూరం కారేసుకొచ్చి ఆ చేపని పలకరించి పంపావన్నమాట. మీ అమ్మకి చెప్పకు, నమ్మదు."

నాకు మాత్రం ఈ రూలు మీద ఫిర్యాదు లేదు. ఆ చేప రేపు ఇంకొకరి ఫ్లైని పరీక్షిస్తుంది, మా జాతికి పని ఉంటుంది. ముల్లున్న గాలాలతో పట్టి రోజూ వండుకుతింటే ఈ మడుగులో జూన్‌కి ఏం మిగిలేదో పెద్దాయనా ఊహించగలడు. కాని ఆకలేసినప్పుడు ఊహలు పనిచెయ్యవు.

ఇంకా కొన్ని చేపలు పడ్డాయి. నా రెక్క ఒకటి ఊడింది, నక్క బొచ్చు రేగింది. అయినా తీసుకుంటూనే ఉన్నాయి. నాలుగున్నరకి గాలి చల్లబడి పురుగులు ఆగాయి. ఆఖరిసారని ఎదుటి ఒడ్డు కింద ఒక ముక్కుని చూసి కుర్రాడు గట్టిగా విసిరాడు. వెళ్ళి ఆల్డర్ కొమ్మకి చిక్కుకున్నాను. లాగాడు. దారం తెగింది.

"పోతే పోయిందిలే" అన్నాడు పెద్దాయన. "ఎంతేంటి అది?"

"మూడు డాలర్లు."

లెక్కేసుకున్నాడు. "రెండొందల యాభై! ఈగకి! దిగరా, దిగి కొమ్మ వంచు."

ఆ ఒడ్డున నీళ్ళు నడుం దాటి ఉన్నాయి. కుర్రాడు దిగలేదు. పెద్దాయన కారు ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, నా కోసమో రూపాయల కోసమో చెప్పలేను.

అప్పట్నుంచి ఇక్కడే. ఆ సాయంత్రమే అసలు పురుగులు కొన్ని వచ్చి నా కొమ్మ మీద వాలాయి. అంత దగ్గరగా వాటిని చూడటం అదే మొదలు. నాకున్నన్ని కాళ్ళు వాటికి లేవు, వాటికున్న మూడు తోకలు నాకు లేవు. పోలికలు వెతికితే రెక్కల నిలువు ఒక్కటే. మర్నాడు వాటి వీపు చీలింది. రెక్కలొచ్చాక కూడా కుబుసం విడిచే పురుగులు లోకంలో ఇవొక్కటే. బూడిదరంగు చొక్కా కొమ్మకి వదిలేసి, గాజులాంటి రెక్కలతో బయటికొచ్చాయి. తినడానికి పనికొచ్చే నోరు లేదు, ఇక చెయ్యాల్సింది జతకట్టి గుడ్లు పెట్టడమే. సాయంత్రం జోరునీటి మీద గుంపుగా ఎగిరెగిరి పడి, గుడ్లు వదిలి, రెక్కలు బార్లా చాపి నీటి మీద చచ్చిపోయాయి. చేపలు తీరిగ్గా తిన్నాయి. ఆ వేషానికి నన్ను కట్టలేదు, దానికి వేరే ఫ్లైలున్నాయి.

కొక్కెం వంపులో తుప్పు మొదలైంది. వంతెన కింద గూడు కట్టుకున్న ఫీబీ పిట్ట ఒకటి వచ్చి నన్ను రెండుసార్లు పొడిచింది, తల పక్కకి వాల్చి చూసింది, మూడోసారి పొడవకుండా నా పక్కనున్న ఖాళీ చొక్కాని పొడిచి చూసి, అదీ నచ్చక వెళ్ళిపోయింది.