పాండీలో మిక్సీకి ఆయుష్షు పోయు విధానం

కొత్త మిక్సీ ఇంటికి రాగానే ముందు వారంటీ కార్డును దాచండి. ఎంత జాగ్రత్తగానంటే, మోటారు కాలిన రోజున మీకు కూడా దొరక్కూడదు. దాంతోపాటు వచ్చే చిన్న పుస్తకంలో, కాసేపు నడిపి కాసేపు ఆపమని రాసి ఉంటుంది. అది ఇడ్లీ తినని వాళ్లకు. మీరు జారు నిండా నానిన మినప్పప్పు పోసి, మూతమీద అరచెయ్యి ఆనించి, యానాంలో ఉన్న చెల్లెలితో ఫోన్ మాట్లాడుకోండి. వార్నిష్ కాలిన వాసన వస్తే పక్కింటివాళ్ల పోపు మాడిందనుకోండి. కాసేపటికి అదే ఆగుతుంది. బోర్లించి, అడుగునున్న ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఆ బటన్ మోటారును కాపాడ్డానికి పెట్టారన్న సంగతి మనకెందుకు?

మా మిక్సీకి పదకొండో ఏడు. జార్లు మారాయి, బ్లేడ్లు మారాయి, కప్లర్ పళ్లు మూడుసార్లు అరిగాయి. గూబెర్ మార్కెట్ పక్క సందులో మెకానిక్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "మోటార్ నల్లా ఇరుక్కు సార్" అంటాడు. బాగానే ఉందిట. ఉండదా మరి, నిరుడు మార్చింది అతనేగా!

ఫ్రిజ్ సంగతి సముద్రం చూసుకుంటుంది. సాయంత్రం బీచ్ రోడ్డు మీద మనకు హాయిగా తగిలే ఉప్పుగాలే రాత్రికి వంటింట్లో దూరి వెనక రేకును తింటుంది. దీనికి చిట్కా, ఫ్రిజ్‌ను గోడకు ఇంకా దగ్గరగా నెట్టడం. వేడి బయటికి పోక కంప్రెసర్ రాత్రింబవళ్లు రొప్పుతుంది కానీ, తుప్పు మాత్రం కనబడదు.

2024 నవంబరు 30న ఫెంజల్ తుపాను ఒక్కరోజులో 46 సెంటీమీటర్లకు పైగా కురిసినప్పుడు కింది వాటావాళ్ల గ్రైండర్ మోకాటిలోతు నీళ్లలో నిలబడింది. నాలుగు రోజులు మేడమీద ఎండబెట్టి, రబ్బరు చెప్పులేసుకుని స్విచ్చి వేశారు. వీధి మొత్తం కరెంటు పోయింది. గ్రైండర్‌ను మాత్రం పారెయ్యలేదు, రాళ్లు మంచివట.

ఇలా ఏదీ మార్చక్కర్లేదని రాసుకుంటూ వస్తే వంటింట్లో ఒక్క వస్తువు అడ్డొచ్చింది. గ్యాస్ పైపు. దానికి అయిదేళ్లే గడువు, తయారైన ఏడు ఒంటిమీదే అచ్చేసి ఉంటుంది. స్టవ్ కిందకి వంగి, జిడ్డు తుడిచి చూశాను. 2016.