ఐదొందలకు ముహూర్తం

ఐదొందలు. అంగళ్ల లెక్కలు రాసి రిటర్నులు వేసిపెట్టడానికి, జీఎస్టీ పుట్టిన 2017 జూలైలో నెలకింతని నోరు జారి చెప్పాను, ఇవాళ్టికీ అదే. అప్పటి టీ డబ్బులకి ఇప్పుడు తిరుపతిలో గ్లాసు కడిగిన నీళ్లు కూడా రావు. ఆఫీసు గది అద్దె ఏటా పెరుగుతుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ వాళ్లు రేటు పెంచి, పెంచినందుకు మనకే అభినందనలు చెబుతూ ఈమెయిల్ పెడతారు. పెరగనిది నేనొక్కణ్ణే.

ఎంత పెంచాలో తేలిపోయింది: ఏడొందల యాభై. ఎప్పుడన్నదే తేలట్లేదు. కొన్నాళ్లుగా క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంటున్నాను. పెళ్లి ముహూర్తాలకైనా ఇంత వెతుకులాట ఉండదు.

ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం కాబట్టి న్యాయానికి అదే సరైన నెల. కానీ మార్చి 15కి అడ్వాన్స్ ట్యాక్సు కట్టించిన మనిషిని నేనే కనక, నన్ను చూడగానే జనం జేబు తడుముకుంటారు. జూన్‌లో పిల్లల ఫీజులు. ఆపైన చిత్తూరు వైపంతా మామిడి గోల. 2025లో తోతాపురికి కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అన్న రోజుల్లో, తోట ఉన్న మనిషి ముందు రేటు మాటెత్తే గుండె నాకు లేదు. బ్రహ్మోత్సవాలప్పుడు కొట్లో ఎవరూ తలెత్తరు. దీపావళికి వాళ్లే మైసూర్‌పాకు పెట్టె తెచ్చిస్తారు. నోట్లో మైసూర్‌పాకు పెట్టుకుని ఏడొందల యాభై అంటే అక్షరాలు సరిగా పలకవు. ధనుర్మాసం సరేసరి.

మిగిలింది మే. మేలో గంగజాతర.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు ఎవర్నైనా బూతులు తిట్టొచ్చు, తిట్టించుకున్నవాడు దణ్ణం పెట్టాలి. ఏడాది మొత్తంలో తిరుపతిలో మనిషి కడుపులో మాట బయటికి అనగలిగేది ఆ వారమే. రేటు పెంచడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంటుంది? ఏ వేషంలో పోవాలన్నదే చిక్కు. ఒళ్లంతా నామంసుద్ద పూసుకుని బైరాగిగా పోతే, బైరాగికి డబ్బెందుకు సామీ అని ఎదురడుగుతారు. కుంకుమ పూసుకుని బండవేషం కడదామంటే, దానికి తిట్లు ధారాళంగా రావాలి. నాకొచ్చిన ఘోరమైన తిట్టు ‘దయచేసి బిల్లులు త్వరగా పంపగలరు’. తోటి వేషానికి బొగ్గుపొడి పూసుకోవాలి. పన్నుల మనిషి నల్లగా వస్తే నల్లధనం గుర్తొచ్చి షట్టర్లు దించేస్తారు. మాతంగి వేషానికి చీర కావాలి. మా ఆవిడ తన చీర ఇవ్వదు, కొత్తది కొంటే పెంచిన రేటులో మొదటి ఆర్నెల్లు దానికే జమ.

దొర వేషం మీద మాత్రం నాకు చాలా ఆశ పుట్టింది. కథ ప్రకారం, గంగమ్మకి భయపడి ఎక్కడో దాక్కున్న పాలెగాడు ఆమె దొర వేషం చూసి మోసపోయి బయటికొచ్చాడు కదా. నాకు ఫీజు బాకీపడ్డ కొందరు, రిటర్ను గడువైన ఇరవయ్యో తారీఖు దాటాక పాలెగాడి కన్నా బాగా దాక్కుంటారు. చందనం పూసుకుని, తలపాగా చుట్టి, ఠీవిగా పోతే ఎవరో పెద్ద గిరాకీ అనుకుని తప్పకుండా బయటికొస్తారు. వచ్చాక ఏమంటారో కూడా ఊహించుకున్నాను. “దొర మాదిరి ఉండావు, నీకింకా పెంచేదెందుకు సామీ?”

అక్కడితో జాతర ముగిసింది.

నాకు ఒళ్లు మండేది వేరే సంగతికి. నెలనెలా వేసే జీఎస్టీ త్రీబీ రిటర్ను గడువు దాటితే రోజుకి 50 రూపాయల ఆలస్య రుసుము. ఒకటో తారీఖు నుంచి బిల్లుల కోసం వెంటపడతాను. పంపరు. పది రోజులు ఆలస్యం చేసి 500 కట్టేటప్పుడు ఒక్క మనిషైనా ‘మనోళ్లు గదా, తగ్గించు’ అనడు. అంటే నెలంతా చేసిన పనికి నాకిచ్చేదీ, పది రోజుల బద్ధకానికి ప్రభుత్వానికిచ్చేదీ ఒకటే. అక్కడ బేరం లేదు. ఇక్కడ బేరం, పైగా టీ నాది.

ఆ మధ్య చిత్తూరు బెల్లం మండీ ఆయన దగ్గర మాట కదిపి చూశాను. “రేట్లు కొంచెం సవరిద్దామని...” అన్నానో లేదో, “జిల్లా విడగొట్టినారు, ఇంగ రేటు గూడా విడగొడతారా?” అన్నాడు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినందుకు నా ఫీజుని బాధ్యుణ్ణి చేసినవాడు ఈయనొక్కడే. ఇంతకీ ఆయన టర్నోవరు ఆ ఏడు బాగా పెరిగింది. నాకు తెలుసు. రిటర్ను వేసింది నేనే.

ఈ వృత్తిలో అసలు ఇబ్బంది అదే. డాక్టరుకి రోగి జేబు కనపడదు. నాకు నోరు తెరవకముందే ఎదుటి మనిషి లాభం, నష్టం, అప్పు, చేబదులు అన్నీ తెలుసు. కరోనా సంగతే చూడండి. 2020 మార్చి 20న తిరుమల కొండ మీద భక్తులకు దర్శనం ఆపేశారు. మళ్లీ జూన్‌లో గానీ మొదలుకాలేదు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ పటాలు, బొమ్మలు, దారాలు అమ్మే అంగళ్ల రిటర్నులన్నీ సున్నాలే. సున్నాలు వేయడానికి ఫీజేమిటని నేనెవర్నీ అడగలేదు. పటాల టోకు అంగడి ఆయన మాత్రం రోడ్ల మీద జనం తిరగడం మొదలవగానే వచ్చి, ఆ నెలలన్నిటికీ లెక్కగట్టి డబ్బు నా టేబుల్ మీద పెట్టి పోయాడు. ఆయన పుస్తకంలో అమ్మకం లేదు, అప్పు తెచ్చినట్టు రాయలేదు. ఆ డబ్బు ఎక్కడిదని లెక్కలు రాసేవాడిగా నేను అడగాలి. అడగలేదు. ఆయనకి ఏడొందల యాభై అని ఏ నోటితో చెప్పను? చెబితే ఇచ్చేస్తాడు, అదీ బాధ. ఇవ్వగలిగినవాళ్లు బేరమాడతారు, ఇవ్వలేనివాళ్లు మారుమాట్లాడకుండా తీసిస్తారు.

సరే, అలాంటివాళ్లని వదిలేసి మిగతావాళ్లకే పెంచుదామని, మొన్న ధైర్యం చేసి పక్క వీధిలో స్టీలు సామాన్ల ఆయనకి ఫోన్ చేసి ఏడొందల యాభై అన్నాను. ఆయన కోప్పడలేదు. కుశలమడిగాడు. పిల్లల చదువులడిగాడు. ఆఖర్న అడిగాడు:

“పటాలాయన దగ్గర ఎంత తీసుకుంటా ఉండావు సామీ?”