అప్పాజీ పక్షం

కోలారు పక్కన టమకలో మెడికల్ కాలేజీ దగ్గర, హైవే పక్కన ఏ టీ అంగడికైనా పోండి. అక్కడొక టీవీ విమర్శకుడు కూర్చుని ఉంటాడు. వయసు అరవై దాటి ఉంటుంది. ఇంటి మీద రెండంతస్తులు లేపి డాక్టరీ చదివే పిల్లలకు బాడిగకు ఇచ్చి ఉంటాడు. నెలలో ఒకరోజు బాడిగ వసూలు, తక్కిన రోజులన్నీ ‘అమృతం’ సీరియల్ మీద తీర్పులు.

గుణ్ణం గంగరాజు తీసిన ఆ సీరియల్ 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ దాకా జెమిని టీవీలో వచ్చింది. ఈయన ఒక్క వారం కూడా తప్పలేదు. తర్వాత యూట్యూబ్‌లో మొదటి నుంచీ మళ్ళీ చూశాడు, ఇంకా చూస్తూనే ఉన్నాడు. అభిప్రాయం మాత్రం చెక్కుచెదరలేదు.

“దీంట్లో నగేదానికి ఏముండాదప్పా? పట్టిందల్లా మునిగే మగోళ్ళు ఇద్దరు. వాళ్ళని కట్టుకుని విసిగిపోయిన ఆడోళ్ళు ఇద్దరు. గిరాకీ లేని హోటల్ ఒకటి. ఏడ్సే కతకి కామెడీ అని పేరు పెట్టినారు.”

ఈ తగువు పాతదే. చెహోవ్ ‘చెర్రీ తోట’ నాటకం రాసి కామెడీ అన్నాడు. 1904లో మాస్కోలో దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ దాన్ని విషాదంగా ఆడించాడు. వాళ్ళ తగువు కళ గురించి. మనాయనది బాడిగ గురించి.

ఎందుకంటే ఆయన లెక్కలో కథానాయకుడు అమృతరావు కాదు, ఇంటి ఓనర్ అప్పాజీ. “ఇల్లిచ్చిన పాపానికి ఆ మనిషి ఎంత పడినాడు! శివన్నారాయణ యాక్టింగ్ చెయ్యలేదప్పా, బతికినాడు. సీరియల్ పేరే ‘అప్పాజీ’ అని పెట్టుండాల.”

నటుల మీద ఆయన తీర్పు వినాలి. అమృతరావు వేషంలో శివాజీరాజా పోయి నరేశ్ వచ్చినప్పుడు శివాజీరాజా గొప్పవాడు. నరేశ్ పోయి హర్షవర్ధన్ వచ్చాక నరేశ్ గొప్పవాడు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఉన్నన్నాళ్ళూ ‘అతి చేస్తాడు’ అన్నాడు. హనుమంతరావు 2018లో చనిపోయాడు. 2020లో ‘అమృతం ద్వితీయం’లో ఆ వేషం ఎల్బీ శ్రీరామ్‌ది అయింది, అంతే, గుండు మహానటుడైపోయాడు. బాడిగ పిల్లల విషయంలోనూ ఇదే సూత్రం: ఖాళీ చేసి పోయినోళ్ళే మంచోళ్ళు.

2023 జులైలో కోలారు మార్కెట్లో 15 కిలోల టమాటా బాక్సు రెండు వేలు దాటింది. “ఈ ధరకి అమృత విలాస్ హోటల్లో చారు ఎట్ల కాస్తారు? రాసినోడికి లెక్కలే తెలీవు” అని నెలంతా గొణిగాడు. ఆ సీరియల్ మొదలై ఇరవై ఏళ్ళు దాటాయని ఎవరో అంటే, “చారుకి ఏండ్లెక్కడిదప్పా” అన్నాడు.

కన్నడ సీరియల్ ‘సిల్లి లల్లి’ మాటొస్తే మాత్రం నోరు విప్పడు. అది డాక్టర్ విఠల్ రావు క్లినిక్ కథ. డాక్టర్లను ఎగతాళి చేసేదాన్ని మెచ్చుకుంటే పై అంతస్తు ఖాళీ అయిపోదూ?

ఈయనకు గిట్టనిది ఒక్కటే, పక్క బెంచీలో నవ్వు. ఆ బెంచీలో కూర్చునేది ఎక్కువగా ఆస్పత్రిలో రోగులతో వచ్చినవాళ్ళు. లోపల మనిషిని పడుకోబెట్టి బయట టీ తాగుతూ ఫోన్‌లో ‘అమృతం’ పెట్టుకుంటారు. మొన్న అట్లాగే ఒకాయన నవ్వుతుంటే మన విమర్శకుడు అడిగేశాడు, “ఏమప్పా, ఎదుటోడి కష్టం నీకు నగువా?”

“మాది కేజీఎఫ్ అన్నా. మా నాయన చాంపియన్ రీఫ్స్ గనిలో పని. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినారు, ఆ ఏడే ఇది మొదలయ్యింది. ఈ ఇద్దరూ కొత్త యాపారం పెట్టి మునిగినప్పుడల్లా, ‘కంపెనీ లేకుండానే మునిగిపోతా ఉండారు చూడరా’ అని పొట్ట పట్టుకుని నగేవాడు. ఇప్పుడు లోపల వార్డులో ఉండాడు. చూసి చెప్పమన్నాడు, ఈసారి ఏం యాపారం పెట్టినారో.”

అంగడంతా విమర్శకుడి వైపు తిరిగింది. ఆయన గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“అదంతా సరేప్పా. మీ నాయన ఉన్నింది కంపెనీ లైన్ ఇల్లే కదా? బాడిగ సరిగ్గా కట్టినాడా లేదా?”