ఎండ ఉచితం, యూవీ మాత్రం ఈఎంఐలో

ఏప్రిల్ మధ్యాహ్నం సాతంరాయి దగ్గర బెంగళూరు రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డ మనిషికి అతినీలలోహిత (యూవీ) కిరణాలు పూర్తిగా ఉచితం. ఆ రోజుల్లో హైదరాబాద్ యూవీ సూచిక 11 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో అదే ఆఖరి గడి, ఆ పైన చెప్పడానికి వాళ్ల దగ్గర కూడా మాటల్లేవు. చున్నీ ముఖానికి చుట్టుకుని కళ్లు మాత్రమే బయటపెట్టిన అమ్మాయి, తువ్వాలు తల మీద వేసుకున్న మేస్త్రీ ఆ కిరణాలను తప్పించుకుంటున్నామనుకుంటున్నారు. పాపం, తప్పించుకుంటున్నది చికిత్సనని వాళ్లకెవరూ చెప్పలేదు. ఆ వెలుగుకే లేజర్ అని పేరు తగిలించి, ఏసీ గదిలో పెట్టి, ఆరు సిట్టింగులుగా కోసి, నెలవాయిదాల మీద ఇస్తామంటే చున్నీ విప్పి మరీ వెళ్లి కూర్చుంటాం.

2008లో శంషాబాద్‌లో విమానం దిగింది మొదలు ఈ రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్లు లేచాయి. ఫంక్షన్ హాలు ఉన్నచోట పెళ్లి ఉంటుంది, పెళ్లి ఉన్నచోట పెళ్లికూతురి రంగు గురించి ఆరా తీసే మేనత్త ఉంటుంది, మేనత్త ఉన్నచోట స్కిన్ అండ్ డెంటల్ క్లినిక్ ఉండక తప్పదు. చర్మం, పన్ను ఒకే బోర్డు కిందికి ఎలా వచ్చాయని అడగకండి. రెండూ ఫోటోలో కనిపిస్తాయి, అంతే.

లోపల కౌన్సెలర్ అనే అమ్మాయి ఉంటుంది. డాక్టరు కాదు, నర్సూ కాదు. కానీ తెల్లకోటు ఆమెకే బాగా నప్పుతుంది.

"ఇది యూవీ లేజర్ ఆంటీ. లోపలిదాకా పోయి నలుపు తీసేస్తది. పండ్లకు గూడ అదే టెక్నాలజీ."

"ఎంతైతది బిడ్డా?"

బేరం అక్కడి నుంచి నడుస్తుంది. పిల్లవాడి గోత్రం అడిగి, ఇంటిపేరు అడిగి, మూడు తరాల వెనక్కి వెళ్లి ఆరా తీసే తల్లి, కూతురి ముఖం మీద పడబోయే వెలుగు గోత్రం మాత్రం అడగదు. కాంతి గోత్రం నానోమీటర్లలో ఉంటుంది. ఆ ఒక్క అంకె తెలిస్తే అది ఎక్కడిదాకా పోతుందో, ఏం చేస్తుందో దాదాపు అంతా తెలిసిపోతుంది.

ఉదాహరణకు ‘లోపలిదాకా పోయి’ అన్న మాట చూడండి. చర్మవైద్యంలో వాడే అతినీలలోహిత లేజర్ తరంగదైర్ఘ్యం 308 నానోమీటర్లు. జినాన్, క్లోరిన్ కలిసిన వాయువు నుంచి పుడుతుంది, దాన్ని ఎక్సైమర్ లేజర్ అంటారు. అది చాలావరకు పైపొరలోనే ఆగిపోతుంది. అవాంఛిత రోమాలు పోగొట్టాలంటే వెంట్రుక కుదురుదాకా వెళ్లాలి గనుక అక్కడ వాడేవి 755, 810, 1064. అందులో ఒక్కటీ అతినీలలోహితం కాదు, అన్నీ ఎరుపుకు అటువైపువి. కాబట్టి ‘యూవీ లేజర్‌తో శాశ్వత రోమ నిర్మూలన’ అని ఎక్కడైనా రాసి ఉంటే ఆ బోర్డు రాసినవాడికి ఇంద్రధనుస్సులో ఏ కొస ఏదో తెలియదన్నమాట.

ఇక ‘నలుపు తీసేస్తది’. ఇక్కడ నాకు నిజంగా ముచ్చటేస్తుంది. అతినీలలోహితం చర్మానికి ఇచ్చే ఆదేశం ఒక్కటే: రంగునిచ్చే మెలనిన్ తయారుచెయ్యి. సాతంరాయి ఎండలో నిలబడ్డ మేస్త్రీ చేతులు చూస్తే ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకమూ అక్కర్లేకుండా తెలుస్తుంది. 308 లేజర్‌ను బొల్లికి వాడేదీ అందుకే. మచ్చలో మిగిలిన వెంట్రుకల కుదుళ్లలో దాక్కున్న రంగు కణాలను తట్టిలేపి, తెల్లబడ్డ చోట మళ్లీ రంగు తెప్పించడానికి. అంటే రంగు కోల్పోయినవాడికి రంగు తెచ్చే యంత్రం పేరు చెప్పి, ఉన్న రంగు పోగొట్టుకోవాలని వచ్చినవాడి దగ్గర డబ్బు తీసుకుంటున్నారు. ఒకే మీట నొక్కితే వచ్చినవాడి కోరికను బట్టి నలుపు, తెలుపు రెండూ ఇచ్చేది కామధేనువు తర్వాత ఇదే.

అలాగని యంత్రాన్ని తిట్టడం లేదు. దాని పుట్టుక గొప్పది. 1981 నవంబరులో, అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు, ఐబీఎం వారి వాట్సన్ పరిశోధన కేంద్రానికి ఒక శాస్త్రవేత్త విందులో మిగిలిన టర్కీ కోడి ఎముక పట్టుకొచ్చాడు. ఆయన రంగస్వామి శ్రీనివాసన్, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రసాయన శాస్త్రవేత్త. 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్‌ను దాని మీద ప్రయోగిస్తే మృదులాస్థి గీత గీసినట్టు తెగింది, పక్కన ఎక్కడా కాలలేదు, కమిలిన మచ్చ కూడా లేదు. ఆయన, జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ ముగ్గురికీ 1988లో అమెరికా పేటెంటు వచ్చింది. దాని శీర్షికలోనే శస్త్రచికిత్స పక్కన దంతచికిత్స కూడా ఉంది. పన్ను తొలిచే డ్రిల్లు రొద ఇక వినపడదని ఆ రోజుల్లో ఆశ.

ఆ ఆశ ఏమైందో మన బోర్డుల వాళ్లకు చెప్పాలి. 193 నానోమీటర్లు వెళ్లి కంట్లో స్థిరపడింది. ఇవాళ అద్దాలు వదిలించుకునే లాసిక్ దాదాపు మొత్తం దాని మీదే నడుస్తోంది. కార్నియాలో ఒక్కో పల్స్‌కు అది తీసేది దాదాపు పావు మైక్రాన్. కంటికి అదే వరం. అదే వేగంతో పంటిలో రెండు మిల్లీమీటర్ల గుంత తియ్యాలంటే ఎనిమిది వేల పల్సులు కావాలి. పంటి ఎనామెల్ కార్నియాలా మెత్తనిది కూడా కాదు, మన శరీరంలో దానికన్నా గట్టి పదార్థం లేదు. పైగా ఆ కిరణం మామూలు ఫైబర్ తీగలో ప్రయాణించదు, నోట్లోకి వంచి తీసుకెళ్లడమే కష్టం. కాబట్టి దంతవైద్యులు మర్యాదగా వీడ్కోలు చెప్పి అటువైపు కొసకు వెళ్లిపోయారు. 1997లో అమెరికాలో పన్ను తొలవడానికి అనుమతి పొందిన ఎర్బియం లేజర్ 2940 నానోమీటర్లది, పరారుణం. చిగుళ్లకు వాడే డయోడ్ లేజర్లూ చాలావరకు పరారుణమే. గార తొలగించడానికి 377 నానోమీటర్లతో జర్మనీలో ప్రయోగాలు జరిగాయి. బాగానే పనిచేసిందట, కానీ ప్రయోగశాల దాటి పక్కవీధి క్లినిక్‌దాకా రాలేదు.

మరి మనకు ‘లేజర్ వైటెనింగ్’ అని నోట్లో పెట్టేదేమిటి? ఎక్కువగా నీలం ఎల్ఈడీ దీపం. పన్ను తెల్లబరిచేది దాని కింద పూసిన పెరాక్సైడ్ జెల్. లైటు వేసినా వెయ్యకపోయినా కొద్ది వారాలకు తేడా దాదాపు మిగలదని అధ్యయనాలను కూడి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. దీపం పని వాతావరణం కల్పించడం, పెళ్లిపందిట్లో సీరియల్ బల్బుల మాదిరి. నల్లగొండ ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాడి గోధుమరంగు మచ్చ ఎనామెల్ లోపల ఉంటుంది, అది ఏ దీపానికీ సిగ్గుపడి తప్పుకోదు. గుట్కా సంగతి వేరు, మానితే సగం వైటెనింగ్ ఉచితం.

‘యూవీ క్రిములను చంపుతుంది సార్, అందుకే మొటిమలకు మంచిది’ అన్నది ఇంకో వాదన. చంపుతుంది, నిజమే. 2020 మే నెలలో, కరోనా రోజుల్లో, మన హైదరాబాద్‌లోనే డీఆర్‌డీఓ వారి రీసెర్చ్ సెంటర్ ఇమారత్ అతినీలలోహితంతో శుద్ధి చేసే పెట్టె తయారుచేసింది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, కరెన్సీ నోట్లు లోపల పెట్టి తలుపు మూస్తే అన్ని వైపులా కిరణం పడుతుంది. క్షిపణులు తయారుచేసే వాళ్లకు ఆ పెట్టెకు ముఖం పట్టేంత కంత పెట్టాలని తట్టలేదు. నోటుకు బతికున్న కణాలుండవు, గాంధీగారి బొమ్మ ఉంటుంది. క్రిమి డీఎన్ఏను విరగ్గొట్టే కిరణం మన కణంలోని డీఎన్ఏ దగ్గరికొచ్చి ‘మీరు పెళ్లివారా’ అని అడిగి పక్కకు జరగదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో అతినీలలోహితాన్ని, చర్మానికి రంగు తెప్పించే ట్యానింగ్ యంత్రాలను మనుషుల్లో క్యాన్సర్ కారకాలని తేలిన మొదటి వర్గంలో చేర్చింది. బ్రెజిల్ ఆ ఏడాదే అందం కోసం ట్యానింగ్ యంత్రాలు వాడటాన్ని నిషేధించింది.

అందుకే నిజమైన చర్మవైద్యుడు దాన్ని మందులా కొలుస్తాడు. ముందు చిన్న చోట పరీక్షించి ఎంత మోతాదుకు చర్మం ఎర్రబడుతుందో చూస్తాడు. కళ్లద్దాలు పెట్టిస్తాడు. రెండు సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉండే చిన్న వెలుగును సరిగ్గా మచ్చ మీదే వేస్తాడు. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి. ముఖం, మెడ త్వరగా వింటాయి. వేళ్ల కొసలు, పాదాలు మొండికేస్తాయి. ఇదంతా మొదటి రోజే చెబుతాడు. ఇంత నిజం చెబితే ప్యాకేజీ ఎలా అమ్ముడుపోతుంది?

అసలు అవసరం ఉన్న మనిషి వేరేచోట ఉంటాడు. సాతంరాయి నుంచి బస్సులు మారి ఎర్రగడ్డ వెళ్తే, ఈఎస్ఐ ఆసుపత్రి ఎదురుగా చర్మవ్యాధుల జాతీయ యునానీ పరిశోధన సంస్థ ఉంది. బొల్లికి పేరున్న చోటు. బావంచి గింజల మందుకు ఎండను తోడు చేసుకునే పాత పద్ధతి యునానీది. అక్కడి వరుసలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని కూర్చున్న కుర్రవాడి సంబంధం ఆ మచ్చ దగ్గరే మూడుసార్లు తప్పిపోయి ఉంటుంది. ఆధునిక వైద్యం కూడా ఆ గింజలో ఉండే సొరాలెన్ కోవ రసాయనాలను 1970ల్లో యూవీఏ అనే రకం అతినీలలోహిత దీపాలతో జోడించింది, ఆ దారి వెంటే 311 నానోమీటర్ల దీపాలు, 308 లేజర్లు వచ్చాయి. ఈ కుర్రవాడికి ఆ వెలుగు కావాలి. ఏ ఫ్లెక్సీ మీదా అతని ఫోటో ఉండదు. బొల్లి అన్న మాట గ్లో పక్కన బాగుండదు మరి. అతని కోసం పుట్టిన వెలుగు పేరు మాత్రం ఊరంతా వాడుకుంటారు.

బొల్లి నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి చట్టం అంటుంది. 2020లో కేంద్రం తెచ్చిన సవరణ ముసాయిదా ఆ జాబితాలోకి చర్మపు తెలుపును కూడా చేర్చింది. నా కోరిక అంత పెద్దది కాదు. బోర్డు మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, దాని పక్కన యంత్రం నానోమీటర్లు రాయమని మెడికల్ కౌన్సిల్ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఫ్లెక్సీ కొట్టేవాడు చదరపు అడుగు లెక్కన తీసుకుంటాడు గానీ అంకెకు అదనంగా అడగడు. ‘అల్ట్రా అడ్వాన్స్‌డ్ యూఎస్ యూవీ లేజర్ బ్రైడల్ గ్లో’ పట్టిన చోట 308 కూడా పడుతుంది, లోపల ఆ యంత్రం ఉంటే.